షుగర్ ఉన్న నాన్నని నీటికాసుల క్లినిక్‌కి తిప్పిన ఏడాదిన్నర: నా రివ్యూ, నా రేటింగ్

ముందే చెప్తున్నాను, ఇది ఒక్కసారి వెళ్ళొచ్చి రాస్తున్న రివ్యూ కాదు. ఏడాదిన్నరగా మా నాన్నని ఏడుసార్లు గుంటూరులో ఒక ట్రస్టు కంటి ఆసుపత్రికి, అందులో నీటికాసుల విభాగానికి తీసుకెళ్తున్నాను. బయట బోర్డు మీద గ్లకోమా క్లినిక్ అని ఉంటుంది, మా ఊళ్ళో పెద్దవాళ్ళు నీటికాసులు అనే అంటారు, రెండూ ఒకటే, కంటి నరం మెల్లగా దెబ్బతిని చూపు పోయే జబ్బు, ఎక్కువగా కంటి లోపలి ప్రెషర్ వల్ల. ఆసుపత్రి పేరు రాయడం లేదు. బాగున్నవీ బాగాలేనివీ రెండూ విడమరిచి రాయాలనుకున్నాను, పైగా మీరు ఏ ఊళ్ళో ఉన్నా మీ దగ్గరున్న కంటి ఆసుపత్రిని ఇవే ప్రశ్నలతో చూసుకోవచ్చు.

నాన్నకి అరవై నాలుగు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి పదిహేడేళ్ళు, నాలుగేళ్ళ నుంచి పొద్దునా సాయంత్రం ఇన్సులిన్. కంటి చూపు విషయంలో ఆయనకి ఎప్పుడూ గట్టి నమ్మకం. "నాకేం అమ్మా, ఎదురుగా వచ్చే బస్సు బోర్డు అల్లంత దూరం నుంచి చదువుతా" అనేవారు. అది నిజమే, ఇప్పటికీ చదువుతారు. కానీ మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు దగ్గర తడబడటం, కింద పెట్టిన చెంబు కాలికి తగిలి దొర్లిపోవడం, గడప తట్టుకోవడం, ఇవన్నీ మేం ఈ క్లినిక్‌కి వెళ్ళేనాటికే దాదాపు ఏడాది నుంచి జరుగుతున్నాయి. మేమంతా ఏమనుకున్నామంటే షుగర్ వల్ల అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి కదా, కాలు ఎక్కడ పడుతుందో తెలియక తడబడుతున్నారు అని. చెప్పులు మార్పించాం, నరాల మాత్రలు వాడాం. తడబాటు కాళ్ళది కాదు కళ్ళది అని మాకెవరికీ తట్టలేదు.

అలాగని కళ్ళు చూపించలేదా అంటే, ప్రతి ఏడాదీ చూపించాం. అదే నా బాధ. షుగర్ ఉన్నవాళ్ళు ఏటా రెటీనా (కంటి లోపల వెనకవైపు పొర) పరీక్ష చేయించుకోవాలని ఫిజీషియన్ గారు చెప్తే దగ్గర్లోని ఒక క్లినిక్‌కి మూడేళ్ళు వరసగా తీసుకెళ్ళాం. గాలి కొట్టే మిషన్‌తో కంటి ప్రెషర్ చూశారు, 19 వచ్చింది, నార్మల్ అన్నారు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి లోపల చూశారు, "షుగర్ దెబ్బ ఏమీ లేదు, వచ్చే ఏడాది రండి" అన్నారు. మేం సంతోషంగా ఇంటికొచ్చాం. తర్వాత ఈ ట్రస్టు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు పాత కాగితాలన్నీ ఫైల్లో పెట్టుకుని వెళ్తే, అక్కడి డాక్టరు గారు రెండో ఏడాది చీటీ తీసి అందులో ఒక అంకె మీద వేలు పెట్టి చూపించారు. ఎడమకన్ను, 0.7. కంటి నరం తల భాగంలో మధ్యన ఒక గుంట ఉంటుందట, ఆ గుంట మొత్తం నరంలో ఎంత వంతు ఉందో చెప్పే అంకె అది. మామూలుగా 0.3, 0.4 దగ్గర ఉంటుంది. పుట్టుకతో పెద్దగా ఉండేవాళ్ళూ ఉంటారు గానీ 0.7 చూస్తే మాత్రం తర్వాతి పరీక్షలు చేయించాల్సిందే అన్నారు. అంటే ఆ క్లినిక్‌లో చూసినవాళ్ళకి కనపడింది, రాశారు కూడా, కానీ వాళ్ళు వెతుకుతున్నది షుగర్ దెబ్బ కాబట్టి అది లేదని చెప్పి పంపేశారు. ఆ కాగితం మా బీరువాలోనే రెండేళ్ళు పడి ఉంది. నేను లెక్కల టీచర్ని, రోజంతా అంకెలు చూసే మనిషిని, ఒక్కసారైనా "ఈ 0.7 ఏంటి సార్" అని అడగలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇక అసలు రివ్యూ.

మొదటిసారి ఉదయం ఏడున్నరకి వెళ్ళాం. ఓపీ చీటీ 200 రూపాయలు, దానికి ఆలస్యం లేదు. లోపల ఒక అమ్మాయి నాన్నని కూర్చోబెట్టి ఓపిగ్గా అన్నీ అడిగింది. షుగర్ ఎన్నేళ్ళు, మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) ఎంత, ఏయే మందులు, ఆస్తమా ఉందా, మీ అమ్మానాన్నల్లో అన్నదమ్ముల్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా. ఆ తర్వాత అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తుంది: "బాబాయ్ గారూ, మోకాలికో భుజానికో ఇంజెక్షన్లు ఏమైనా చేయించుకున్నారా? చర్మానికి పూత మందులు, పీల్చే మందులు?" అని. నాన్నకి షుగర్ వల్లే భుజం బిగుసుకుపోతే రెండుసార్లు ఇంజెక్షన్ చేయించాం. అవి స్టెరాయిడ్లు, కొంతమందిలో కంటి ప్రెషర్‌ని పెంచుతాయి, షుగర్‌ని ఎలాగూ పెంచుతాయి. కంట్లో వేసే స్టెరాయిడ్ చుక్కలతో, షుగర్ వల్ల రెటీనా వాస్తే కంట్లోనే ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువట. మూడేళ్ళలో ఈ ప్రశ్న మమ్మల్ని అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయే. సేవ అంటే నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

ప్రెషర్ ఇక్కడ గాలి మిషన్‌తో కాదు, పసుపు చుక్క వేసి నీలం లైటు కంటికి ఆనించి చూశారు. కుడి 24, ఎడమ 26. సాధారణంగా 10 నుంచి 21 దాకా నార్మల్ అంటారు. తర్వాత నల్లగుడ్డు మీది పొర మందం కొలిచారు. షుగర్ ఉన్నవాళ్ళలో ఆ పొర సగటున కాస్త మందంగా, బిరుసుగా ఉంటుందట, దానివల్ల ప్రెషర్ అంకె ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపించవచ్చట. నాన్నకీ అలాగే ఉంది. నేను వెంటనే "అయితే అసలు ప్రెషర్ అంత లేదన్నమాట కదా డాక్టరు గారూ" అని ఆశగా అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. అంకె సరిచేసుకునేంత కచ్చితమైన లెక్క లేదమ్మా, నరం దెబ్బతిన్నది కళ్ళముందే కనపడుతోంది, ప్రెషర్ నార్మల్‌లో ఉన్నా నరం పోయేవాళ్ళున్నారు అన్నారు. పాత క్లినిక్ 19 చూసి మేం నిశ్చింతగా ఉన్నది ఎంత తప్పో అప్పుడు తెలిసింది.

చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేయకముందే ఒక చిన్న అద్దం కంటికి ఆనించి కంట్లో నీరు బయటికి పోయే మూల తెరుచుకుని ఉందా మూసుకుందా చూశారు. గోనియోస్కోపీ అంటారు. ఇది తప్పకుండా అడగండి. మూల ఇరుకుగా ఉండే రకం నీటికాసులు మన దేశంలో తక్కువేమీ కాదు, దానికి వైద్యం వేరు. షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకో కారణం కూడా ఉంది. షుగర్ రెటీనాని బాగా దెబ్బతీస్తే రక్తం అందని చోట నుంచి కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చేలా చేసే పదార్థం తయారవుతుంది, ఆ నాళాలు కంటిపాప అంచు మీదకీ ఈ మూలలోకీ అల్లుకుని నీరు పోయే దారినే మూసేస్తాయి. అది మామూలు నీటికాసులలా ఏళ్ళ తరబడి మెల్లగా నడవదు, ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి భరించలేని నొప్పితో చూపుని లాక్కుపోతుంది. మాతో పాటు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన కన్ను ఎర్రగా, నిప్పు కణికలా ఉంది, తల పట్టుకుని కూర్చున్నారు. ఇరవై ఏళ్ళ షుగర్, రెటీనా పరీక్ష ఎప్పుడూ చేయించలేదని వాళ్ళావిడ చెప్పింది. ఆయన్ని టోకెన్‌తో పని లేకుండా నేరుగా లోపలికి తీసుకెళ్ళారు, అది నాకు నచ్చింది. నాన్నకి ఆ కొత్త నాళాలు లేవు. ప్రతి విజిట్‌లోనూ చుక్కలు వేయకముందే ఇది వెతుకుతారు, ఏడుసార్లలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

ఫీల్డ్ టెస్ట్, అంటే చుట్టూ ఎంతవరకు చూపు ఉందో చూసే పరీక్ష, దాని దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం ఆనించి, మధ్య చుక్కనే చూస్తూ, చుట్టూ ఎక్కడ వెలుగు మెరిసినా బటన్ నొక్కాలి. మొదటిసారి చేసేవాళ్ళకి అలవాటు లేక తప్పులు పడతాయి, అది సహజం. కానీ నాన్న వంతు వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. పొద్దున ఆరున్నరకి ఇన్సులిన్ వేసుకుని రెండు ఇడ్లీలు తిన్న మనిషి. టోకెన్ పోతుందేమో అని కిందికి వెళ్ళి తినలేదు, పై అంతస్తులో తినడానికి ఏమీ దొరకదు, క్యాంటీన్ కింద వెనకవైపు ఎక్కడో ఉంది, దారి చూపే బోర్డు కూడా లేదు. చీకటి గదిలో కూర్చున్నాక ఆయన చూపు తిప్పేస్తున్నారు, బటన్ ఆలస్యంగా నొక్కుతున్నారు, చొక్కా అంతా చెమట. అక్కడున్న అబ్బాయి "సార్ సరిగ్గా చూడండి, సరిగ్గా చూడండి" అంటున్నాడే గానీ ఎందుకిలా చేస్తున్నారని ఆలోచించలేదు. నేనే ఆపించి బ్యాగులో గ్లూకోమీటర్‌తో చూస్తే 61. గ్లూకోజ్ పొడి కలిపి తాగించాను. ఆ రోజు రిపోర్టు నమ్మదగ్గది కాదని పక్కన పడేశారు, 600 రూపాయలు పోయాయి, ఇంకో రోజు రావాల్సి వచ్చింది. షుగర్ పేషెంట్లు ఇంతమంది వచ్చే చోట ఆ గది ముందు ఒక షుగర్ మిషన్, రెండు బిస్కెట్ ప్యాకెట్లు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఫిర్యాదు పుస్తకంలో రాశాను. రెండో విజిట్‌కి నేనే ముందుగా ఫోన్ చేసి ఇన్సులిన్ వాడే మనిషి, టిఫిన్ తిన్న వెంటనే ఫీల్డ్ టెస్ట్ పెట్టండి అని అడిగితే ఎనిమిదింపావుకి పెట్టారు. ఆ రోజు టెస్ట్ చక్కగా వచ్చింది. అడిగితే ఇస్తున్నారు, కానీ అడగాలని ఎంతమందికి తెలుస్తుంది?

ఆ రిపోర్టులో రెండు కళ్ళలోనూ చూపు కింది భాగం పలచబడింది, ఎడమ కంట్లో ఎక్కువ. కంటి నరం పైభాగం దెబ్బతింటే చూపులో కింది భాగం పోతుందట. చివరి మెట్టు, చెంబు, గడప, అన్నీ ఒక్కసారిగా నా కళ్ళముందు తిరిగాయి.

అప్పుడు డాక్టరు గారిని సూటిగా అడిగాను, షుగర్ వల్ల ఇది తొందరగా ముదిరిపోతుందా అని. భయపెట్టకుండా, తేలిగ్గా తీసిపారేయకుండా ఇచ్చిన ఆ జవాబుకే నేను సగం మార్కులు వేస్తాను. నీటికాసులు వచ్చే అవకాశం షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువని చాలావరకు తేలింది. 2015లో 47 అధ్యయనాలని కలిపి చూసిన ఒక విశ్లేషణలో అది సుమారు ఒకటిన్నర రెట్లుగా వచ్చింది, షుగర్‌తో గడిచిన ఏళ్ళు పెరిగేకొద్దీ పెరుగుతుందనీ వచ్చింది. కానీ వచ్చిన జబ్బు షుగర్ వల్ల ఎంత వేగంగా ముదురుతుంది అన్నది వేరే ప్రశ్న, అక్కడ జవాబులు కలవలేదు. అమెరికాలో చేసిన ఒకటి రెండు పెద్ద ట్రయల్స్‌లో షుగర్ ఉన్నవాళ్ళ ఫీల్డ్ ఎక్కువ దెబ్బతిన్నట్టు కనిపిస్తే, స్వీడన్‌లో 255 మందిని ఏళ్ళ తరబడి చూసిన ట్రయల్‌లో షుగర్ అంత ప్రభావం చూపినట్టు తేలలేదు. కంటి ప్రెషర్ ఎక్కువున్న వాళ్ళ మీద చేసిన ఇంకో ట్రయల్ 2002లో అయితే షుగర్ కాపాడుతోందేమో అన్నట్టుగా కూడా ఫలితం ఇచ్చింది. రెటీనా దెబ్బతిన్న షుగర్ పేషెంట్లని అందులో ముందే తీసేశారు, షుగర్ ఉందా లేదా అన్నది కూడా పేషెంట్ నోటిమాట మీదే రాసుకున్నారు, అందుకే అలా వచ్చి ఉంటుందని తర్వాత సరిచూసినప్పుడు చెప్పారు. "కాబట్టి షుగర్ మంచిదని ఎవరైనా చెప్తే నమ్మకండి, షుగర్ ఉంది కాబట్టి చూపు పోవడం ఖాయం అన్నా నమ్మకండి" అన్నారు ఆవిడ. స్వీడన్ ట్రయల్‌లో గట్టిగా తేలింది ఒకటుంది, కంటి ప్రెషర్ ఒక్క పాయింట్ తగ్గితే ముదిరే ప్రమాదం సుమారు పది శాతం తగ్గుతుందని. మన చేతిలో ఉన్నది అదేనమ్మా అన్నారు.

ఇంకో మాట అడిగారు, నేను ఊహించనిది. బీపీ మాత్ర ఎప్పుడు వేసుకుంటారు? నాన్న రాత్రి పడుకోబోయే ముందు వేసుకుంటారు. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళలో బీపీని సర్దే నరాలు కూడా దెబ్బతింటాయి, రాత్రి నిద్రలో బీపీ మరీ పడిపోతే కంటి నరానికి రక్తం సరిగా అందదు, అదీ జబ్బుని ముదిరించవచ్చు. సొంతంగా మార్చొద్దని గట్టిగా చెప్పి మా ఫిజీషియన్ గారికి ఒక ఉత్తరం రాసిచ్చారు. ఆయన చూసి ఆ మాత్రని పొద్దుటికి మార్చారు. కంటి డాక్టరు షుగర్ డాక్టరుకి ఉత్తరం రాయడం నా జీవితంలో మొదటిసారి చూశాను. షుగర్ ఉన్న మనిషికి నీటికాసులు వస్తే రెటీనా చూసేవాళ్ళు రెటీనా, నరం చూసేవాళ్ళు నరం, ఫిజీషియన్ గారు రక్తం రిపోర్టు, ఎవరిది వాళ్ళు చూసి పంపేస్తే మధ్యలో మనిషి పడిపోతాడు. మాకు మూడేళ్ళు జరిగింది అదే. ఈ క్లినిక్ ఎక్కువ మార్కులు తెచ్చుకున్నదీ ఇక్కడే, రెటీనా రిపోర్టూ ఫీల్డ్ రిపోర్టూ షుగర్ అంకెలూ ఒకే ఫైల్లో, ఒకే టేబుల్ మీద పెట్టుకుని చూస్తారు. అదెందుకంటే షుగర్ రిపోర్టులని కూడా తికమక పెడుతుందట, నీటికాసులు లేకపోయినా షుగర్ వల్ల నరం పొర కొంత పలచబడవచ్చు, రెటీనా వాస్తే స్కాన్‌లో మందంగా కనపడవచ్చు, రెటీనాకి లేజర్ చేయించుకున్నవాళ్ళకి ఆ లేజర్ మచ్చల వల్లే ఫీల్డ్‌లో చూపు తగ్గినట్టు రావచ్చు. అన్నీ తెలిసినవాళ్ళు చూడకపోతే లేని ముదురు ఉన్నట్టు, ఉన్నది లేనట్టు అనిపిస్తుంది.

మందుల సంగతి. మొదట రాత్రికి ఒక్క చుక్క వేసేది ఇచ్చారు, లాటనోప్రోస్ట్. తెరవని సీసా ఫ్రిజ్‌లో, తెరిచిన సీసా నెలకి మించి వాడొద్దు. చుక్క వేశాక కన్ను మూసుకుని ముక్కు పక్క మూలని రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోవాలి, రెండు రకాల చుక్కలుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి. ఇవన్నీ ఒక సిస్టర్ నాన్న చేతే వేయించి చూపించింది. నాన్న చుక్క బుగ్గ మీద పడేసుకుంటుంటే విసుక్కోకుండా మూడుసార్లు చేయించింది. ఆమెకి నా దండాలు.

నాలుగు నెలల తర్వాత ప్రెషర్ ఇంకా దిగాలని రెండో చుక్క కలిపారు, డోర్జోలమైడ్. ఇక్కడ ఒక విషయం జరిగింది, షుగర్ ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో అందరూ చదవాలి. ఊళ్ళో మందుల షాపులో ఆ చుక్క లేదని "అదేనండీ, ఇంకా బలమైనది" అని ఇంకొకటి ఇచ్చారు. దాంట్లో డోర్జోలమైడ్‌తో పాటు టిమోలాల్ కూడా ఉంది. మేం చూసుకోలేదు. పది రోజులకి ఒక తెల్లవారుజామున అమ్మ నన్ను లేపింది, నాన్న బనియన్ మొత్తం తడిసిపోయింది, మనిషి మాట తడబడుతోంది, షుగర్ 52. ఎప్పుడు షుగర్ పడిపోయినా ముందు చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఆయనే లేచి పంచదార నోట్లో వేసుకుంటారు. ఈసారి అవేవీ లేవు. ఆసుపత్రి ఇచ్చిన నెంబరుకి పొద్దున్నే ఫోన్ చేస్తే అవతల సిస్టర్ మొదట అడిగింది చుక్కల సీసా మీద పేరు చదవమని. టిమోలాల్ చుక్క కంట్లో వేసినా కొంత రక్తంలో కలుస్తుంది, అది గుండె దడనీ వణుకునీ అణిచేస్తుంది, చెమట మాత్రం పోస్తుంది. ఇన్సులిన్ వాడేవాళ్ళకి అందుకే జాగ్రత్తగా ఇస్తారు, ఆస్తమా ఉంటే అసలు ఇవ్వరు. ఆ రోజు జరిగింది కచ్చితంగా ఆ చుక్క వల్లే అని డాక్టరు గారు తేల్చి చెప్పలేదు, ముందు రాత్రి నాన్న తక్కువ తిన్నారు కూడా. కానీ అదే రోజు మార్పించారు, ఆ తర్వాత మళ్ళీ అలా జరగలేదు. టిమోలాల్ చెడ్డ మందేమీ కాదు, ఎంతోమంది వాడుతున్నారు. మీ ఇంట్లో ఇన్సులిన్ వాడే మనిషి ఉంటే మాత్రం సీసా మీద పేరు చదవండి, చీటీలో లేనిది షాపులో ఇస్తే తీసుకోవద్దు.

మిగతావి క్లుప్తంగా. ప్రతిసారీ నాలుగైదు గంటలు పడుతుంది, సగం రోజు సెలవు పెట్టుకునే వెళ్ళాలి. ముందు చూసే జూనియర్ డాక్టర్లు ప్రతిసారీ మారతారు, కథ మొదటి నుంచి చెప్పుకోవాలి, ఆఖర్న పెద్ద డాక్టరు గారు మాత్రం ఆవిడే చూస్తారు. నరం స్కాన్ 1,200, ఏడాదికోసారి. చుక్కలకి నెలకి ఏడెనిమిది వందలు. మందుల కౌంటర్లో చౌక రకం ఉందా అని అడిగితే విసుక్కోకుండా చూపిస్తారు. బాత్రూములు శుభ్రంగా ఉంటాయి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశాక రెండు మూడు గంటలు మసకగా ఉంటుంది, ఒంటరిగా వచ్చిన పెద్దవాళ్ళని ఆటో దాకా దించే ఏర్పాటు లేదు, అది ఉండాలి.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే, ప్రెషర్ కుడి 15, ఎడమ 16. మూడు నెలల సగటు షుగర్ 9.1 శాతం నుంచి 7.4 శాతానికి వచ్చింది. పోయిన నెల చేసిన ఫీల్డ్‌లో ముందుదానికన్నా ఏమీ తగ్గలేదు. పోయిన చూపు తిరిగి రాదని మొదటి రోజే చెప్పారు, ఆ మాట నాన్న ముందు చెప్పాలా వద్దా అని నన్ను పక్కకి పిలిచి అడిగి మరీ చెప్పారు. ఇంట్లో మెట్ల అంచులకి పసుపు పెయింట్ వేయించాం, నేల మీద ఏదీ పెట్టడం మానేశాం. నాన్న తమ్ముళ్ళిద్దరినీ మా అన్నయ్యనీ కూడా చూపించాం, ఇది రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి. చిన్న బాబాయ్‌కి మొదటి దశలో ఉందని తేలింది, ఆయనకి ఏ ఇబ్బందీ తెలియనే తెలియదు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1996 నుంచి 2000 దాకా ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా చూసి చేసిన సర్వేలో కూడా నీటికాసులు ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదని బయటపడింది. మా ఇంట్లోనే కళ్ళారా చూశాను.

నా రేటింగ్ అయిదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ ఫీల్డ్ టెస్ట్ గది ముందు మేం గడిపిన ఆ మధ్యాహ్నానికి. తర్వాతి విజిట్ వచ్చే నెల రెండో శనివారం, ఎనిమిదింపావు స్లాట్ అడిగి తీసుకున్నాను. బ్యాగులో పాత చీటీలు, గ్లూకోమీటర్, గ్లూకోజ్ పొడి, వాడుతున్న చుక్కల సీసాలు పెట్టుకుని వెళ్తాం. ఫిర్యాదు పుస్తకంలో నేను రాసిన పేజీ ఎవరైనా చదివారో లేదో కూడా ఈసారి అడుగుతాను.